ప్రభుత్వ కొనుగోళ్లలో నూతన ఆవిష్కరణలకు చోటు: వ్యవసాయ రంగ అనుభవాలు, విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

ఉపోద్ఘాతం

ఒక వరి వంగడం పరిశోధన స్థానం నుండి రైతు పొలానికి చేరేందుకు సంకరణం, ఎంపిక, బహుళ ప్రదేశ పరీక్షలు, చిరుసంచుల ప్రదర్శనలు, విడుదల వంటి అనేక దశలను దాటవలసి ఉంటుంది. ఇవన్నీ శాస్త్ర పరీక్షకు నిలిచే దశలు. వీటి తరువాత వచ్చే దశ మాత్రం కార్యాలయానికి సంబంధించినది. ఇండెంటు, టెండరు, సరఫరా ఉత్తర్వు అనే మూడు కాగితాలలో చోటు దొరకని వంగడం ఎంత మేలైనదైనా చాలాకాలం పరిశోధన క్షేత్రపు హద్దులలోనే నిలిచిపోతుంది. యంత్రాలు, జీవ ఎరువులు, పరీక్షా పరికరాల విషయంలోనూ పరిస్థితి ఇంతే.

వ్యవసాయ రంగంలో ప్రభుత్వం విధానాలను నిర్ణయించేది మాత్రమే కాదు, అతి పెద్ద కొనుగోలుదారు కూడా. రాయితీ విత్తనం, సూక్ష్మ సేద్య పరికరాలు, సౌర పంపుసెట్లు, భూసార పరీక్షా రసాయనాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలలోని తేమ మీటర్లు, టార్పాలిన్లు, గోనె సంచులు మొదలైనవి ప్రభుత్వ ధనంతో గాని, ప్రభుత్వ రాయితీతో గాని కొనేవే. కనుక ఏ ఆవిష్కరణ విస్తరిస్తుంది, ఏది మరుగున పడుతుంది అన్న విషయాన్ని నిర్ణయించడంలో కొనుగోలు నిబంధనలకు పరిశోధన ఫలితాలతో సమానమైన పాత్ర ఉంది. అయినప్పటికీ విస్తరణ విద్యలో ఈ అంశానికి లభించిన ప్రాధాన్యం తక్కువ.

మన వ్యవసాయ పరిభాషలో ‘సేకరణ’ అనగానే మద్దతు ధరకు ధాన్యం కొనడం గుర్తుకు వస్తుంది. ఈ వ్యాసంలో చర్చించే విషయం అంతకంటె విస్తృతమైనది. ప్రభుత్వ శాఖలు, సంస్థలు, విశ్వవిద్యాలయాలు వస్తువులను, సేవలను కొనే పద్ధతి మొత్తం ఇందులోకి వస్తుంది.

పద్ధతిలో కొత్తదనం, వస్తువులో కొత్తదనం

ప్రభుత్వ కొనుగోళ్లలో నూతనత్వం అన్నప్పుడు రెండు వేర్వేరు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. మొదటిది కొనే పద్ధతిలో కొత్తదనం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే ఎలక్ట్రానిక్ టెండరు విధానాన్ని ప్రారంభించి, ఈ విషయంలో దేశంలో ముందు వరుసలో నిలిచింది. కేంద్ర ప్రభుత్వం 2016లో ‘జెమ్’ అనే ప్రభుత్వ ఈ-మార్కెట్టును నెలకొల్పింది. వీటి వలన పారదర్శకత పెరిగింది, బిడ్డుదారుల మధ్య కుమ్మక్కుకు అవకాశం తగ్గింది, దూర ప్రాంతపు సరఫరాదారునికి ద్వారం తెరుచుకుంది.

రెండవది కొనే వస్తువులో కొత్తదనం. టెండరు పెట్టె స్థానంలో కంప్యూటరు తెర వచ్చినంత మాత్రాన కొనే వస్తువు మారదు. పాత నిర్దేశాలతోనే, పాత వస్తువునే మరింత వేగంగా కొనడానికి కూడా ఆ తెర ఉపయోగపడుతుంది. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ అంశానికి సంబంధించినది. దీని సారాంశం ఒక్క మాటలో చెప్పవచ్చు: కొనుగోలుదారు వస్తువును వర్ణించడం మాని, తనకు జరగవలసిన పనిని వర్ణించినప్పుడు, మొదటి కొనుగోలులో ఉండే నష్టభయంలో తాను కూడా పాలుపంచుకున్నప్పుడు మాత్రమే కొత్త వస్తువుకు చోటు ఏర్పడుతుంది.

నిబంధనలు పాతదనం వైపు ఎందుకు మొగ్గుతాయి

కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు ఆధారమైన సాధారణ ఆర్థిక నియమావళి తొలుత 1947లో వెలువడింది. 1963, 2005, 2017 సంవత్సరాలలో దానిని సవరించి తిరిగి ప్రకటించారు. రాష్ట్రాలకు వాటి సొంత ఆర్థిక, కొనుగోలు నియమాలు ఉన్నాయి. ప్రజాధనం దుర్వినియోగం కాకూడదు, అర్హులైన అందరికీ సమానావకాశం ఉండాలి, నిర్ణయానికి కారణం కాగితంపై కనిపించాలి అన్నవే ఈ నియమాలన్నింటి లక్ష్యాలు. ఈ లక్ష్యాలతో ఎవరికీ పేచీ ఉండదు. అయితే ఆచరణలో వీటి నుండి పుట్టిన నాలుగు అలవాట్లు కొత్త వస్తువుకు అడ్డుగా నిలుస్తున్నాయి.

మొదటిది అతి తక్కువ ధరకు కట్టుబడటం. సాంకేతిక అర్హత పొందిన బిడ్లలో అతి తక్కువ ధర కోరినవారిని ‘ఎల్-1’ అంటారు. అర్హతకు పెట్టిన కనీస ప్రమాణాన్ని దాటిన తరువాత నాణ్యతలోని తేడాకు విలువ ఉండదు. రెండవది పూర్వానుభవ షరతు. గత మూడు సంవత్సరాలలో ఇంత మొత్తానికి ఇదే వస్తువును సరఫరా చేసి ఉండాలన్న షరతును నిజంగా కొత్తదైన వస్తువు ఏదీ నెరవేర్చలేదు. మూడవది నిర్దేశాలను గత సంవత్సరపు దస్త్రం నుండి యథాతథంగా ఎత్తి రాయడం. అప్పుడు అమలులో ఉన్న యంత్రపు కొలతలే అర్హతలుగా మారిపోతాయి. నాలుగవది ఆడిట్ అభ్యంతరం పట్ల భయం. పాత వస్తువును కొని పథకం విఫలమైతే అధికారిని ఎవరూ ప్రశ్నించరు. కొత్త వస్తువును కొని విఫలమైతే ఆ నిర్ణయం అతని మెడకు చుట్టుకుంటుంది. ఒక సంస్థ వద్ద మాత్రమే ఉన్న ఆవిష్కరణ అయితే, పోటీ లేకుండా ఎందుకు కొన్నారన్న ప్రశ్న కూడా తోడవుతుంది.

విత్తన రంగంలో ఈ అలవాట్ల ప్రభావం స్పష్టంగా కనిపిస్తుంది. బ్రీడరు విత్తనం నుండి మూల విత్తనం, దాని నుండి ధ్రువీకరణ విత్తనం తయారు కావడానికి వరుస పంట కాలాలు పడతాయి. కనుక రైతుకు ఏ రకం ఇవ్వాలన్న నిర్ణయం ఇండెంటు రూపంలో ఎంతో ముందుగా జరగాలి. ఆ ఇండెంటుకు ఆధారం సాధారణంగా గత సంవత్సరాల అమ్మకపు లెక్క. పాత రకం అమ్ముడుపోయింది కనుక దానికే ఇండెంటు పెడతారు, దానికే ఇండెంటు ఉంది కనుక అదే ఉత్పత్తి అవుతుంది, అదే దొరుకుతుంది కనుక రైతు అదే కొంటాడు. ఈ వలయం లోపల రైతు ఇష్టం ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత అన్నది అమ్మకపు లెక్క నుండి తెలియదు.

అనంతపురం ప్రాంతపు వేరుశనగ ఇందుకు ఉదాహరణ. 1940లో విడుదలైన టి.ఎం.వి. 2 రకం దశాబ్దాల తరబడి అక్కడి ఎర్ర నేలలను ఏలింది. 2005లో విడుదలైన కదిరి 6 తరువాతి కాలంలో ఆ స్థానాన్ని ఆక్రమించి, రాయితీ విత్తన పంపిణీలో ముఖ్య భాగమైంది. వేరుశనగలో విత్తన వృద్ధి నిష్పత్తి చాలా తక్కువ. వరిలో ఒక కిలో విత్తనం నుండి 80 నుండి 100 కిలోల విత్తనం తయారైతే, వేరుశనగలో సుమారు 8 కిలోలు మాత్రమే తయారవుతుంది. ఎకరాకు కావలసిన విత్తనం మాత్రం ఎక్కువ. ఇటువంటి పంటలో ప్రైవేటు సంస్థలకు ఆసక్తి తక్కువ కనుక ప్రభుత్వ కొనుగోలు నిర్ణయమే రకం మార్పిడి వేగాన్ని శాసిస్తుంది. బెట్టను తట్టుకునే కొత్త రకం ఒక్క సంవత్సరం ఆలస్యమైనా ఆ నష్టం వర్షాధార రైతు చేనులోనే కనిపిస్తుంది. విడుదలైన సంవత్సరాన్ని బట్టి విత్తన రాయితీని నిర్ణయించి, ఇటీవలి రకాలకు ప్రాధాన్యమిచ్చే నిబంధనలు కేంద్ర పథకాలలో చేరడానికి కారణం ఈ వలయాన్ని ఛేదించడమే.

మొదటి కొనుగోలుదారుగా ప్రభుత్వం: స్వర్ణ సబ్-1

ప్రభుత్వ కొనుగోలు ఒక ఆవిష్కరణకు ఊతమిచ్చిన మంచి ఉదాహరణ వరిలోనే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మార్టేరు పరిశోధన స్థానం నుండి 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, తెలుగు నేలను దాటి తూర్పు భారతమంతటా పల్లపు భూములలో స్థిరపడింది. అయితే వరద నీటిలో పూర్తిగా మునిగితే ఈ రకం తట్టుకోలేదు. ఒడిశా సంప్రదాయ వరి నుండి ఎంపిక చేసిన ఎఫ్.ఆర్. 13ఎ అనే రకంలోని ముంపును తట్టుకునే సబ్-1 జన్యు భాగాన్ని, అణు గుర్తుల సాయంతో స్వర్ణలోకి ప్రవేశపెట్టి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ స్వర్ణ సబ్-1ను రూపొందించింది. ఇది 2009లో మన దేశంలో విడుదలైంది.

ఈ రకం గుణాన్ని రైతు ముందుగా చూసి కొనే వీలు లేదు. వరద వచ్చిన సంవత్సరంలోనే దాని విలువ తెలుస్తుంది. వరద రాని సంవత్సరంలో పొలంలో అది స్వర్ణ లాగే కనిపిస్తుంది. కంటికి కనిపించని గుణానికి మార్కెట్టులో గిరాకీ తనంతట తాను పుట్టదు. ఈ లోటును ప్రభుత్వ కొనుగోలు పూరించింది. జాతీయ ఆహార భద్రతా మిషన్, 2010-11లో మొదలైన తూర్పు భారత హరిత విప్లవ పథకం నిధులతో రాష్ట్రాలు ఈ విత్తనాన్ని సేకరించి చిరుసంచులుగా, ప్రదర్శన క్షేత్రాలుగా ముంపు ప్రాంతాలకు చేర్చాయి. ఒడిశాలో యాదృచ్ఛిక పద్ధతిలో నిర్వహించిన క్షేత్ర ప్రయోగ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. పది రోజుల ముంపు ఎదురైన పొలాలలో స్వర్ణ కంటె స్వర్ణ సబ్-1 సుమారు 45 శాతం అధిక దిగుబడినిచ్చినట్లు, ముంపు లేనప్పుడు దిగుబడిలో తగ్గుదల లేనట్లు ఆ ప్రయోగంలో తేలింది. ముంపు భూములు ఎక్కువగా సామాజికంగా వెనుకబడిన వర్గాల చేతిలో ఉండటం వలన వారికి కలిగిన మేలు కూడా ఎక్కువని ఆ అధ్యయనం గుర్తించింది.

ఈ అనుభవం నుండి గ్రహించవలసిన విషయాలు మూడు. కొనుగోలుకు ఆధారం రకం పేరు కాక, ముంపును తట్టుకోవాలన్న అవసరం. గిరాకీ పుట్టే వరకు వేచి ఉండక, మొదటి విడత నష్టభయాన్ని ప్రభుత్వం భరించింది. కొత్త రకం గింజ, సాగు పద్ధతి పాత రకాన్ని పోలి ఉండటం వలన రైతుకు, మిల్లరుకు మార్పు భారం కాలేదు. మూడవ అంశం ప్రతి ఆవిష్కరణకూ లభించే అదృష్టం కాదు. అది లేనప్పుడు మొదటి రెండు అంశాలపై మరింత శ్రద్ధ అవసరమవుతుంది.

గిరాకీని పోగుచేయడం: ఎల్.ఇ.డి. బల్బుల అనుభవం

వ్యవసాయేతర రంగంలోనిదైనా, భారీ కొనుగోలు ఒక సాంకేతికత ధరను ఎలా ప్రభావితం చేస్తుందో తెలుసుకోవడానికి ఎల్.ఇ.డి. బల్బుల పథకం తగిన ఉదాహరణ. 2014 ప్రారంభంలో ఎనర్జీ ఎఫిషియెన్సీ సర్వీసెస్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థ ఒక్కొక్క బల్బును 310 రూపాయల ధరకు కొన్నది. 2016 నాటికి టెండరులో వచ్చిన కనిష్ఠ ధర 38 రూపాయలకు దిగింది. పుదుచ్చేరిలో మొదలైన ఈ ప్రయత్నం 2014లోనే ఆంధ్రప్రదేశ్ జిల్లాలకు విస్తరించింది. 2015 జనవరిలో దేశవ్యాప్త పథకమై, తరువాత ‘ఉజాలా’ అనే పేరు పొందింది. మొత్తం 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి.

ఇక్కడ బడ్జెట్ రాయితీ లేదు. వేర్వేరు రాష్ట్రాల గిరాకీని ఒకచోట పోగుచేయడం, కొద్ది నెలల వ్యవధిలో టెండర్లను పదే పదే పిలవడం, నాణ్యతా ప్రమాణాలతో పాటు పాడైన బల్బును మార్చి ఇచ్చే వారంటీ షరతు విధించడం అన్నవే సాధనాలు. ప్రపంచవ్యాప్తంగా ఎల్.ఇ.డి. ధరలు అప్పటికే దిగుతున్నాయి కనుక తగ్గుదల ఘనత మొత్తాన్ని ఈ పథకానికే కట్టబెట్టడం సరికాదు. అయినప్పటికీ పెద్ద గిరాకీ ఖాయమని తెలిసినప్పుడు తయారీదారులు ఉత్పత్తి సామర్థ్యాన్ని పెంచుకుంటారన్న సూత్రం ఇందులో రుజువైంది.

ఈ సూత్రాన్ని వ్యవసాయానికి అన్వయించేటప్పుడు ఒక తేడాను గుర్తించాలి. బల్బు శ్రీకాకుళంలోనూ అనంతపురంలోనూ ఒకే విధంగా వెలుగుతుంది. విత్తనం, దుక్కి యంత్రం, జీవ ఎరువు అలా పనిచేయవు. నేల, నీరు, వాతావరణాన్ని బట్టి వాటి పనితీరు మారుతుంది. కనుక స్థానిక పరీక్ష లేకుండా గిరాకీని పోగుచేస్తే ధర తగ్గినా ప్రయోజనం దక్కకపోవచ్చు.

వస్తువును కాక పనిని నిర్దేశించడం

2019లో మొదలైన ‘పి.ఎం. కుసుమ్’ పథకంలో విడి సౌర పంపుసెట్లకు సాధారణంగా కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరిస్తే, మిగిలినది రైతు వాటా. సౌర పంపుసెట్లకు నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ రూపొందించిన ప్రమాణాలలో గమనింపదగిన అంశం ఒకటుంది. మోటారు ఎన్ని హెచ్.పి., ఫలకాలు ఎన్ని అన్న లెక్కతో అవి ఆగిపోవు. 10 మీటర్ల మొత్తం ఎత్తు వద్ద, నిర్ణీత సౌర వికిరణంలో, డి.సి. మోటారు పంపుసెట్టు ప్రతి ఒక్క వాట్ ఫలక సామర్థ్యానికి రోజుకు కనీసం 100 లీటర్ల నీటిని తోడాలని నిర్దేశించాయి. అంటే 3,000 వాట్ల ఫలకాలు ఉన్న పంపు ఆ పరిస్థితులలో రోజుకు 3 లక్షల లీటర్లు తోడాలి. ఆ నీటిని ఏ రూపకల్పనతో తోడతాడన్న విషయంలో తయారీదారునికి కొంత స్వేచ్ఛ మిగిలింది. రైతుకు కావలసినది కూడా నీరే.

ఈ పద్ధతిని ధాన్యం ఆరబెట్టే సమస్యకు ఊహించి చూడవచ్చు. మద్దతు ధరకు కొనే వరి ధాన్యంలో తేమ 17 శాతానికి మించరాదు. యంత్రంతో కోసిన ధాన్యంలో తేమ తరచుగా 20 శాతానికి పైగా ఉంటుంది. రైతులు రోడ్ల పక్కన, కల్లాలలో రోజుల తరబడి ఆరబెడుతుండగా అకాల వర్షం కురిస్తే ధాన్యం మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. తేమ మీటరు చూపిన అంకెపైన, తాలు పేరిట తీసే తరుగుపైన కొనుగోలు కేంద్రాలలో వివాదాలు ఏటా వింటున్నవే. 24 శాతం తేమ ఉన్న ఒక టన్ను ధాన్యాన్ని 17 శాతానికి తేవాలంటే సుమారు 84 కిలోల నీటిని తొలగించాలి. అసలు పని ఇది.

ఇందుకు ‘ఇన్ని టన్నుల డ్రమ్ము, ఇన్ని హెచ్.పి. మోటారు, ఇంత మందం రేకు గల డ్రయ్యరు’ అని టెండరు పిలిస్తే అప్పటికే ఆ కొలతలతో యంత్రం తయారు చేస్తున్న ఒకరిద్దరే అర్హులవుతారు. దానికి బదులు ‘24 శాతం తేమ గల ధాన్యాన్ని నిర్ణీత గంటలలో 17 శాతానికి తేవాలి, మిల్లులో నూక శాతం ఎండలో ఆరబెట్టిన ధాన్యం కంటె పెరగరాదు, టన్నుకు ఇంధన వ్యయం ఈ పరిమితి దాటరాదు, ఒక ఊరి నుండి మరొక ఊరికి ట్రాక్టరుతో తరలించగలగాలి’ అని అడిగితే పొట్టుతో మండే కొలిమి, సౌర వేడి, కొత్త గాలి ప్రసరణ విధానం వంటి భిన్న పరిష్కారాలు ఒకే టెండరులో పోటీ పడగలవు. తేమ మీటరు విషయంలోనూ అంతే. రైతు, కొనుగోలు సిబ్బంది, మిల్లరు ముగ్గురూ ఒప్పుకొనే అంకెను చూపడం దాని పని. కనుక యంత్రంతో పాటు నియమిత కాలంలో తూనికను సరిచూచే సేవ కూడా కొనుగోలులో భాగం కావాలి.

జీవితకాల వ్యయం

కొత్త యంత్రం కొనుగోలు ధర తరచుగా పాతదాని కంటె ఎక్కువగా, నడిపే ఖర్చు తక్కువగా ఉంటుంది. ధర ఒక్కటే చూస్తే ఇటువంటి యంత్రం మొదటి మెట్టులోనే తొలగిపోతుంది. ఊహాత్మకమైన ఒక లెక్కతో ఈ విషయాన్ని వివరించవచ్చు. మొదటి పంపుసెట్టు ధర 40,000 రూపాయలు, గంటకు 5 యూనిట్ల విద్యుత్తు వాడుతుంది. రెండవ దాని ధర 52,000 రూపాయలు, అంతే నీటిని గంటకు 3.8 యూనిట్లతో తోడుతుంది. సంవత్సరానికి 800 గంటలు, యూనిట్ ఖర్చు 6 రూపాయలు, ఆయుష్షు 10 సంవత్సరాలు అనుకుంటే మొదటి దాని మొత్తం వ్యయం 2,80,000 రూపాయలు, రెండవ దానిది 2,34,400 రూపాయలు అవుతుంది. ధరలో 12,000 రూపాయలు ఆదా చేసినట్లు కనిపించిన ఎల్-1 నిర్ణయం పదేళ్లలో 45,600 రూపాయల నష్టంగా తేలుతుంది.

తెలుగు రాష్ట్రాలలో ఈ లెక్కకు మరొక ముఖ్యమైన కోణం ఉంది. 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు అమలులో ఉన్నందున పంపు కొనేది రైతు, విద్యుత్తు ఖర్చు భరించేది ప్రభుత్వం. తక్కువ ధర పంపును ఎంచుకున్న రైతు తన వరకు సరియైన నిర్ణయమే తీసుకున్నాడు. కనుక సమర్థమైన పంపువల్ల ప్రయోజనం పొందే ప్రభుత్వమే దాని అదనపు ధరను భరించే విధంగా కొనుగోలును రూపొందించవలసి ఉంటుంది. ఖర్చు పెట్టేవారు, ఫలితం పొందేవారు వేరైన ప్రతి చోటా ఈ ప్రశ్న తలెత్తుతుంది.

ఫలితానికే చెల్లింపు

కొన్ని సందర్భాలలో కొనవలసిన వస్తువుకు మార్కెట్టే ఉండదు. మొక్కజొన్న, వేరుశనగలలో అఫ్లాటాక్సిన్ సమస్య ఇటువంటిది. విషపదార్థం కంటికి కనిపించదు, శుభ్రమైన గింజకు స్థానిక మార్కెట్టు అదనపు ధర ఇవ్వదు. నైజీరియాలో విషాన్ని ఉత్పత్తి చేయని ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ తెగలతో రూపొందిన ‘అఫ్లాసేఫ్’ అనే జీవ నియంత్రణ పదార్థాన్ని వ్యాప్తి చేయడానికి ‘అగ్‌రిజల్ట్స్’ అనే అంతర్జాతీయ కార్యక్రమం ఒక విభిన్నమైన మార్గాన్ని అనుసరించింది. పదార్థాన్ని కొని పంచిపెట్టలేదు. చిన్న రైతులను కూడగట్టి, దానిని వాడించి, గింజను సేకరించిన సంస్థలకు, వాడినట్లు నమూనా పరీక్షలో రుజువైన ప్రతి టన్ను మొక్కజొన్నకు 18.75 డాలర్ల ప్రోత్సాహకం చెల్లించింది. ఎవరు ఏ విధంగా రైతును ఒప్పించాలన్నది ఆ సంస్థలకే వదిలివేసింది.

ఫలితానికి చెల్లించే ఈ పద్ధతికి విశ్వసనీయమైన పరీక్ష ప్రాణం. కొలవలేని ఫలితానికి చెల్లింపు పెడితే మోసానికి దారి తీస్తుంది. రాయలసీమ వేరుశనగలో అఫ్లాటాక్సిన్ నివారణకు ఇటువంటి ఆలోచన చేయాలన్నా ముందుగా గ్రామ స్థాయిలో నమూనా సేకరణ, సమీపంలో పరీక్షాశాల సమకూరాలి.

ప్రస్తుత నియమాలలో ఉన్న అవకాశాలు

ఇదంతా కొత్త చట్టం వస్తే తప్ప సాధ్యం కాదన్న అభిప్రాయం సరికాదు. సాంకేతిక ప్రతిపాదనలను ముందు స్వీకరించి చర్చించి, ఆ తరువాత ధరలను కోరే రెండంచెల బిడ్డింగు పద్ధతి సాధారణ ఆర్థిక నియమావళిలోనే ఉంది. అంకుర సంస్థలకు నాణ్యతా ప్రమాణాలకు లోబడి పూర్వానుభవం, పూర్వపు వార్షిక అమ్మకాల షరతుల నుండి సడలింపు ఇవ్వవచ్చు, బిడ్డు ధరావతు నుండి మినహాయింపు కూడా ఉంది. కేంద్ర సంస్థల వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుండి జరగాలన్న ఆదేశం అమలులో ఉంది. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ జారీ చేసిన సూచనలు నిర్మాణ పనులు, కన్సల్టెన్సీయేతర సేవలలో నాణ్యతకు 30 శాతం వరకు మార్కులు కేటాయించే వీలు కల్పించాయి. శాస్త్రీయ పరికరాల కోసం కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని కేంద్రం 2025 జూన్‌లో 1 లక్ష నుండి 2 లక్షల రూపాయలకు పెంచింది.

ఈ వెసులుబాట్లు కాగితంపై ఉన్నంత మాత్రాన అధికారి వాటిని వాడుకోడు. వాడుకున్నందుకు కారణాన్ని దస్త్రంలో చూపగలిగితేనే ధైర్యం చేస్తాడు. ఆ కారణాన్ని సమకూర్చగలిగినది క్షేత్ర సమాచారం. విస్తరణ వ్యవస్థ పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పనులు

1. అవసర పత్రం తయారీ: టెండరుకు ముందే రైతు సమస్యను కొలవదగిన పనిగా రాసి ఇవ్వడం. ‘డ్రయ్యర్లు కావాలి’ అనడానికి, ‘ఈ మండలంలో కోత కాలపు మూడు వారాలలో ఇన్ని టన్నుల ధాన్యం తేమను ఇంత నుండి ఇంతకు తగ్గించాలి’ అనడానికి గల తేడాను టెండరు రాసే అధికారికి తెలియజేయగలిగినది కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాల శాస్త్రవేత్తలే.

2. పోల్చదగిన సమాచారం: ప్రదర్శన క్షేత్రాలలో దిగుబడితో పాటు కూలీల గంటలు, ఇంధనం, మరమ్మతులు, పని ఆగిపోయిన రోజుల వివరాలు నమోదు చేయడం. జీవితకాల వ్యయం లెక్కకు ఇవే ఆధారం.

3. చిన్న మొత్తంలో తొలి కొనుగోలు: రాష్ట్రమంతటికీ ఒకేసారి కొనక, భిన్న నేలలు, వర్షపాతాలు గల కొన్ని మండలాలలో ఒకటి రెండు పంట కాలాలు పరీక్షగా కొనాలని సూచించడం. ఏ ఫలితం వస్తే విస్తరించాలి, ఏ ఫలితం వస్తే విరమించాలి అన్నది ముందుగానే రాసి ఉంచాలి.

4. ఇండెంటులో రైతు అభిప్రాయం: విత్తన ఇండెంటుకు అమ్మకపు లెక్కతో పాటు చిరుసంచులు సాగు చేసిన రైతులు మరుసటి సంవత్సరం ఆ రకాన్ని తిరిగి వేశారా, విత్తనం దాచుకున్నారా, పొరుగువారికి ఇచ్చారా అన్న సమాచారాన్ని జోడించడం.

5. వైఫల్యాల నమోదు: విఫలమైన పరికరం గురించి రాసిన నివేదిక మరొక జిల్లాలో వృథా ఖర్చును నివారిస్తుంది. విజయ గాథలకు ఇచ్చే స్థలంలో కొంత దీనికీ కేటాయించాలి.

జాగ్రత్తలు

కొత్తదంతా మేలైనది కాదు. ఒకటి రెండు ఎకరాల కమతం గల రైతుకు విఫలమైన ప్రయోగం ఒక సంవత్సరపు జీవనాధారాన్ని హరిస్తుంది. కనుక తొలి కొనుగోలులో నష్టం సంభవిస్తే ఎవరు భరిస్తారన్న విషయం ఒప్పందంలోనే ఉండాలి. నష్టభయాన్ని ప్రభుత్వం పంచుకోవడమంటే దానిని రైతుపైకి నెట్టడం కాదు.

రెండవ జాగ్రత్త ప్రయోజనాల సంఘర్షణకు సంబంధించినది. వంగడాన్ని రూపొందించిన శాస్త్రవేత్త గాని, యంత్రానికి లైసెన్సు ఇచ్చిన విభాగం గాని దాని కొనుగోలు మూల్యాంకనంలో పాల్గొనరాదు. అవసరం రాసేవారు, పరీక్షించేవారు, కొనేవారు వేరుగా ఉన్నప్పుడే ఆ నిర్ణయం ఆడిట్‌కు, ప్రజల ప్రశ్నకు నిలుస్తుంది. మూడవది, పనిని నిర్దేశించే పేరుతో ఒకే సంస్థ నెరవేర్చగల షరతులను చొప్పించే ప్రమాదం. ముసాయిదా నిర్దేశాలను బహిరంగంగా ప్రకటించి అభ్యంతరాలను స్వీకరించడం దీనికి సరళమైన విరుగుడు. నాల్గవది, కొన్న తరువాతి సంగతి. విడిభాగాలు, మెకానిక్కు, శిక్షణ లేని చోట యంత్రం ఎంత కొత్తదైనా రెండవ సంవత్సరానికి షెడ్డులో తుప్పు పడుతుంది. నిర్వహణ సేవను కొనుగోలు నుండి వేరు చేయరాదు.

ముగింపు

మంచి ఆవిష్కరణ తన దారి తాను వెతుక్కుంటుందన్న నమ్మకం పరిశోధన సంస్థలలో బలంగా ఉంది. స్వర్ణ సబ్-1 ముంపు భూములను చేరినది, ఎల్.ఇ.డి. బల్బు ప్రతి ఇంట్లో వెలిగినది తమ గుణాల వలన మాత్రమే కాదు, వాటిని కొనదలచినవారు కొనే తీరును మార్చుకున్నందున. అదే సమయంలో పాత రకాలకు ఏటా ఇండెంటు పెడుతున్నది, అధిక విద్యుత్తు వాడే పంపులకు తలుపు తీస్తున్నది కూడా కొనే తీరే. విస్తరణ శాస్త్రం అభ్యసించే విద్యార్థులు రైతు మనస్తత్వాన్ని, ఆమోద దశలను అధ్యయనం చేస్తున్నారు. అదే శ్రద్ధతో ఒక జిల్లా విత్తన ఇండెంటును, ఒక టెండరు నిర్దేశ పత్రాన్ని చదివి, అందులో రైతు అవసరం ఎక్కడ ఉంది, ఎక్కడ తప్పిపోయింది అని పరిశీలించడం పాఠ్య ప్రణాళికలో చేరదగిన అభ్యాసం. రానున్న రబీకి ఇండెంటు రాసే బల్లపై క్షేత్ర సమాచారం సకాలంలో చేరితే, ఆ పంటకాలంలో రైతు చేతికి అందే విత్తనం మారుతుంది.